డాక్టర్ చాండ్లర్ – మన ఊరి పేరు వెనకున్న మనిషి

చాండ్లర్ అనే పేరు మనం రోజుకి పదిసార్లు పలుకుతాం. అద్దె కాగితం మీద, పే స్లిప్ మీద, ఇంటికి డబ్బు పంపే ఫారం మీద ఆ పేరే రాస్తాం. ఆ పేరుగల మనిషి ఎవరని ఎవరైనా అడిగితే మాత్రం మనలో చాలామందిమి చెప్పలేం. డౌన్‌టౌన్‌లో ఆయన పేరుతో పార్కు ఉంది. దాని పక్కనే ఆయన కట్టించిన సాన్ మార్కోస్ హోటల్ నూరేళ్ళు దాటినా నిలబడి ఉంది. మేము కట్టడాల పనిలో ఉన్నవాళ్ళం కాబట్టి ముందు ఆ గోడల్ని చూశాం, ఆ తర్వాత మనిషి గురించి తెలుసుకున్నాం. ఆయన జీవితంలో ఒక పత్తి కథ ఉంది. ఆ పత్తి ఏరడానికి సరిహద్దు దాటి వచ్చిన కూలీల కథ కూడా ఉంది. వలస వచ్చి బతికే మనకి అది తెలియాలి అనిపించి ఈ సంచికలో రాస్తున్నాం.

కరువులో వచ్చిన పశువుల డాక్టరు

అలెగ్జాండర్ జాన్ చాండ్లర్ పుట్టింది కెనడాలో, క్విబెక్ రాష్ట్రంలోని కోటికుక్ అనే ఊళ్ళో, 1859లో. అంటే ఆయన కూడా మనలాగే ఈ దేశానికి వలస వచ్చినవాడే. మాంట్రియల్‌లో పశువైద్యం చదివాడు. చదువయ్యాక అమెరికా వచ్చి డెట్రాయిట్‌లో కొన్నాళ్ళు పనిచేశాడు. 1887లో ఆరిజోనాకి వచ్చాడు. అప్పటికి ఆరిజోనా ఇంకా రాష్ట్రం కాదు. ఈ ప్రాంతానికి మొదటి ప్రభుత్వ పశువైద్యుడిగా ఆయన్ని వేశారు.

ఆయన వచ్చేసరికి కరువు. గడ్డి లేదు, నీళ్ళు లేవు, పశువులు చచ్చిపోతున్నాయి. డాక్టరు చేసేదేమీ లేక ఉద్యోగం వదిలేసి కాలిఫోర్నియా పోదామనుకున్నాడట. దారిలో ఫీనిక్స్ దగ్గర ఆగినప్పుడు వాన పట్టుకుంది. వాన వెలిశాక సాల్ట్ నది లోయ, అందులో పారే కాలువలు చూసి మనసు మార్చుకున్నాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. వానలో ఎంత నిజముందో గానీ, నీళ్ళు పారిస్తే ఈ నేల బంగారమవుతుందని ఆయనకి అర్థమైంది.

కాలువ, భూమి, ఊరు

ఈ లోయలో కాలువలు తవ్వడం కొత్త కాదు. వందల ఏళ్ళ కిందటే హోహోకం జనం చేతి పనిముట్లతో ఇక్కడ మైళ్ళ కొద్దీ కాలువలు తవ్వారు. నేల వాటం చూసి, నీరు నిలవకుండా, కట్ట కోసుకుపోకుండా వాళ్ళు తీసిన కొలతలు చూస్తే లెవెల్ మిషన్ పట్టుకుని తిరిగే మాకే ఆశ్చర్యమేస్తుంది. తర్వాత వచ్చినవాళ్ళు చాలాచోట్ల ఆ పాత జాడల మీదే తవ్వుకున్నారు.

1891లో డాక్టర్ చాండ్లర్ మేసాకి దక్షిణంగా 80 ఎకరాలు కొన్నాడు. డెట్రాయిట్‌లో తనకి తెలిసిన ధనవంతుల చేత పెట్టుబడి పెట్టించి కన్సాలిడేటెడ్ కాలువ పని మొదలుపెట్టాడు. ఆ కాలువ ఇప్పటికీ మన ఊళ్ళోంచి పారుతోంది. సాయంత్రం పూట మనవాళ్ళు పిల్లల్ని సైకిళ్ళ మీద తిప్పే పసేయో ట్రైల్ దాని గట్టే.

కాలువ వెంట భూమి పెరిగింది. 1900 నాటికి ఆయన కింద 18,000 ఎకరాలున్నాయి. మన వైపు లెక్కలో పది, పన్నెండు ఊళ్ళ సాగు భూమి అనుకోవచ్చు. ఒక్కో మనిషికి ఇంతే అని చట్టం పరిమితి పెట్టిన రోజుల్లో అంత భూమి ఎలా వచ్చింది? వేరేవాళ్ళ పేర్ల మీద తీయించి తన కిందికి తెచ్చుకున్నాడని ఆరోపణలు వచ్చాయి. బినామీ అంటే ఏంటో మనకి వేరే చెప్పక్కర్లేదు.

1902లో కేంద్ర ప్రభుత్వం నీటిపారుదల చట్టం తెచ్చింది. ప్రభుత్వం కట్టే ఆనకట్టల నీరు ఒక యజమానికి 160 ఎకరాలకి మించి ఇవ్వరు. 1911లో రూజ్‌వెల్ట్ డ్యామ్ పూర్తయింది. 18,000 ఎకరాలు ఒక్కడి దగ్గరే ఉంటే నీళ్ళు రావు. అందుకని డాక్టరు ప్లాట్లు వేసి అమ్మకానికి పెట్టాడు. 1912 ఫిబ్రవరిలో ఆరిజోనా రాష్ట్రమైంది, మే 17న చాండ్లర్ ఊరి ప్లాట్ల అమ్మకం మొదలైంది. కొనేవాళ్ళు ప్రత్యేక రైల్లో వచ్చారు. మరుసటి ఏడాది సాన్ మార్కోస్ హోటల్ తెరిచారు. ఎడారి మధ్యలో కాంక్రీటు కట్టడం, కరెంటు దీపాలు. చలికాలంలో తూర్పు రాష్ట్రాల ధనవంతులు దిగడానికి కట్టిందది.

చూడండి, ఊరు పుట్టిందే ఒక ప్రభుత్వ నిర్ణయం వల్ల. ఆ ఊరు పెరగడం, కుంగడం కూడా అలాగే జరిగాయి. కాకపోతే ఆ తర్వాతి నిర్ణయాలు చాలా దూరంలో, సముద్రాల అవతల జరిగాయి.

యుద్ధం తెచ్చిన పత్తి

మొదట్లో ఇక్కడ పశువుల మేత వేసేవాళ్ళు, పాడి ఉండేది, ఈకల కోసం నిప్పుకోళ్ళని కూడా పెంచారు. ఆడవాళ్ళ టోపీల ఫ్యాషన్ మారేసరికి ఈకల వ్యాపారం కూలింది. ఇప్పుడు ఏటా మన ఊళ్ళో జరిగే ఆస్ట్రిచ్ ఫెస్టివల్‌లో మిగిలింది ఆ జ్ఞాపకమే.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. మోటారు కార్ల టైర్లలో రబ్బరు లోపల గట్టి నూలు పొర వేసేవాళ్ళు. దానికి మామూలు పత్తి పనికిరాదు, పొడుగు పింజ పత్తి కావాలి. అది ముఖ్యంగా రెండు చోట్ల నుంచి వచ్చేది. ఒకటి ఈజిప్టు, రెండోది అమెరికా తూర్పు తీరంలోని దీవులు. తూర్పు తీరం పంటని బోల్ వీవిల్ అనే కాయతొలుచు పురుగు తినేసింది. ఇక ఈజిప్టు సంగతి. అది అప్పటికే బ్రిటన్ గుప్పిట్లో ఉంది. 1914 డిసెంబరులో బ్రిటన్ దాన్ని తన రక్షిత రాజ్యమని ప్రకటించింది. యుద్ధ అవసరాల పేరుతో ఈజిప్టు పత్తి బయటికి పోకుండా ఆంక్షలు పెట్టింది. సముద్రంలో జర్మన్ జలాంతర్గాముల భయం వేరే.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. అమెరికా, బ్రిటన్ శత్రువులు కావు. కొద్ది కాలానికే ఒకే పక్షాన యుద్ధం చేశాయి. అయినా తన అవసరం ముందుకొచ్చేసరికి బ్రిటన్ సరుకు ఆపేసింది. ఇది చూసి ఒహాయో రాష్ట్రంలోని అక్రాన్‌లో ఉన్న గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ, బయటి దేశం మీద ఆధారపడటం కుదరదనుకుంది. కంపెనీ తరఫున పాల్ లిచ్‌ఫీల్డ్ భూముల కోసం వెతుకుతూ ఈ లోయకి వచ్చాడు.

సాల్ట్ నది లోయలో పొడుగు పింజ పత్తి పండుతుందని అప్పటికే తేలింది. మనకి దక్షిణాన, గిలా నది రిజర్వేషన్‌లోని సకటోన్‌లో, కేంద్ర వ్యవసాయ శాఖ ప్రయోగ క్షేత్రం ఉండేది. ఈజిప్టు విత్తనం నుంచి ఎంపిక చేస్తూ అక్కడ ఒక కొత్త రకం తీశారు. ఆ పొలాల్లో కష్టపడిన పీమా జనం పేరే దానికి పెట్టారు. ఇప్పుడు షాపుల్లో ఖరీదైన దుప్పట్ల మీద కనిపించే పీమా కాటన్ అదే. పై వాళ్ళు నదిని మళ్ళించుకోవడంతో ఆ పీమా జనం సొంత పొలాలు అప్పటికే ఎండిపోయాయి. పేరు వాళ్ళది, లాభం వేరేవాళ్ళది.

డాక్టర్ చాండ్లర్ చేతిలో భూమి ఉంది, కాలువ ఉంది. ఊరికి దక్షిణంగా సుమారు 8,000 ఎకరాలు గుడ్‌ఇయర్ కంపెనీకి ఆయన నుంచే వెళ్ళాయి. తుప్పలు కొట్టి, నేల చదును చేసి, 1917 కల్లా పత్తి వేశారు. పనివాళ్ళ కోసం అక్కడే గుడ్‌ఇయర్ అనే ఊరు కట్టారు. ఇప్పుడు మనం ఓకోటీయో అని పిలుస్తున్న ప్రాంతమది.

ధర ఎగబాకింది. 1919-20 నాటికి పొడుగు పింజ పత్తి పౌండు డాలరు దాటింది. రైతులు పాడి ఆవుల్ని అమ్మేసి, మేత పొలాలు దున్నేసి పత్తి వేశారు. బ్యాంకులు అడిగినవాడికల్లా అప్పిచ్చాయి. 1920 ఫిబ్రవరిలో చాండ్లర్ పురపాలక హోదా పొందింది, డాక్టరే మొదటి మేయరయ్యాడు.

కూలీల కోసం తెరిచిన తలుపు

పత్తి వేసిన చేతులు వేరు, ఏరే చేతులు వేరు. మన ఆదిలాబాద్, గుంటూరు రైతుకి ఇది తెలిసిన బాధే. కాయ పగిలాక రోజుల్లో ఏరాలి, మనుషులు దొరకరు.

సరిగ్గా 1917లోనే అమెరికా కొత్త వలస చట్టం చేసింది. చదువు రానివాళ్ళకి ప్రవేశం లేదంది, తలకి 8 డాలర్ల పన్ను పెట్టింది. ఆసియాలో పెద్ద భాగాన్ని గీత గీసి నిషేధ ప్రాంతమంది. ఆ గీత లోపల మన దేశం కూడా ఉంది. అంటే ఆ రోజుల్లో మనవాళ్ళు కూలికి కూడా ఇక్కడికి రావడానికి లేదు.

ఈ చట్టంతో మెక్సికో కూలీలకి కూడా దారి మూసుకుపోవాలి. కానీ పత్తి రైతులు, రైలు కంపెనీలు ఒత్తిడి పెట్టాయి. కొన్ని నెలల్లోనే కార్మిక శాఖ మెక్సికో వ్యవసాయ కూలీలకి మినహాయింపు ఇచ్చింది. చట్టం అలాగే ఉంది, పక్కన చిన్న తలుపు మాత్రం తెరిచారు.

ఆరిజోనా పత్తి రైతుల సంఘం మెక్సికోలోకి మనుషుల్ని పంపి వేలమందిని రైళ్ళలో తీసుకొచ్చింది. పౌండుకి ఇంత అని ఏరుడు కూలి సంఘమే నిర్ణయించేది. ఏ పొలానికి పోయినా అదే రేటు, బేరం లేదు. డేరాల్లో కాపురాలు, కాలువ నీళ్ళే తాగడానికి. పిల్లలు కూడా సంచి మెడకి తగిలించుకుని సాళ్ళలో దిగేవాళ్ళు. కూలిలో కొంత పట్టి ఉంచాలని, తిరిగి వెళ్ళేటప్పుడు ఇవ్వాలని నిబంధన కూడా పెట్టారు. మనిషి పారిపోకుండా చూడటానికి అదొక పద్ధతి. కూలి పెంచమని కూలీల్ని కూడగట్టిన నాయకుల్ని పట్టుకుని సరిహద్దు దాటించారు.

డాక్టర్ చాండ్లర్ దగ్గరుండి ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఆయన గురించి అలాంటి మాట మేము ఎక్కడా వినలేదు. అయితే ఆయన భూముల విలువ పెరిగింది మాత్రం ఆ చేతుల వల్లనే. ఊరి చరిత్రలో ఆయన పేరుంది, వాళ్ళ పేర్లు లేవు.

1920 శరత్కాలం

యుద్ధం 1918లోనే ముగిసింది. ఆ వేడి ఇంకో ఏడాదిన్నర నడిచింది. తర్వాత అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. సముద్రాలు తెరుచుకున్నాయి, ఈజిప్టు పత్తి మళ్ళీ ఓడలెక్కింది. సైన్యం కొనుగోళ్ళు ఆగిపోయాయి. దేశమంతా వ్యాపారం మందగించి టైర్ల కంపెనీల గోడౌన్లలో సరుకు పేరుకుపోయింది. పత్తి ధర ఏడాది తిరగకుండానే మూడో వంతుకి, ఇంకా కిందికి పడిపోయింది.

అప్పు చేసి పత్తి వేసిన రైతులు మునిగిపోయారు. ఏరడం దండగని కొందరు పంటని చేలోనే వదిలేశారు. గుడ్‌ఇయర్ కంపెనీ దివాలా అంచుకి వెళ్ళింది. దాన్ని స్థాపించిన ఫ్రాంక్ సైబర్లింగ్ 1921లో బయటికి పోవాల్సి వచ్చింది.

అందరికంటే ఎక్కువ నష్టపోయింది కూలీలు. తీసుకొచ్చేటప్పుడు రైలు టికెట్ పెట్టినవాళ్ళు తిరుగు టికెట్ సంగతి మర్చిపోయారు. వేలమంది రాబడి లేక, రావలసిన కూలి రాక ఈ లోయలోనే ఇరుక్కుపోయారు. చలికాలంలో డేరాల్లో ఆకలితో ఉన్నారు. చివరికి మెక్సికోలో కొత్తగా అధ్యక్షుడైన ఆల్వారో ఒబ్రెగాన్ ప్రభుత్వం కలగజేసుకుని, తమ వాళ్ళని ఇళ్ళకి చేర్చడానికి డబ్బు పెట్టింది. రమ్మన్న దేశం పంపే ఖర్చు పెట్టలేదు, సొంత దేశమే పెట్టుకుంది.

సుంకాల ఆట, డాక్టరు చివరి రోజులు

ధర పడిపోగానే రైతులు వాషింగ్టన్ వైపు చూశారు. 1921 మే నెలలో అత్యవసర సుంకాల చట్టం వచ్చింది. సుమారు 35 మిల్లీమీటర్లు, అంతకు మించిన పింజ ఉన్న పత్తి బయటి నుంచి వస్తే పౌండుకి 7 సెంట్ల సుంకం వేశారు. అది సూటిగా ఈజిప్టు పత్తి మీద వేసినదే. మరుసటి ఏడాది వచ్చిన పెద్ద సుంకాల చట్టంలో పత్తిని మళ్ళీ సుంకం లేని సరుకుల్లో పెట్టారు. 1930లో స్మూట్-హాలీ చట్టంతో ఆ 7 సెంట్లు మళ్ళీ వచ్చాయి. పదేళ్ళలో మూడుసార్లు మాట మారింది. నూలు మిల్లులవాళ్ళది పైచేయి అయినప్పుడు సుంకం పోయేది, రైతులది పైచేయి అయినప్పుడు వచ్చేది. పింజ పొడుగు మారలేదు, మారింది రాజకీయమే.

స్మూట్-హాలీ పత్తితో ఆగలేదు. వేల సరుకుల మీద సుంకాలు పెంచింది. డాక్టరు పుట్టిన కెనడాతో సహా చాలా దేశాలు ఎదురు సుంకాలు వేశాయి. అప్పటికే మొదలైన ఆర్థిక మాంద్యంలో దేశాల మధ్య వ్యాపారం ఇంకా ముడుచుకుపోయింది.

1928లో డాక్టర్ చాండ్లర్ కొండల దగ్గర ఇంకో పెద్ద హోటల్ కట్టాలని పేరుగాంచిన ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్‌ని పిలిపించాడు. రైట్ తన మనుషులతో వచ్చి ఎడారిలో చెక్క, గుడ్డ గుడారాల మకాం వేసి డ్రాయింగులు గీశాడు. 1929 అక్టోబరులో షేర్ల మార్కెట్ కూలింది. ఆ హోటల్ కాగితం మీదే ఉండిపోయింది. పునాది కూడా పడని పనుల బాధ మేము బాగా ఎరుగుదుం.

తర్వాత సాన్ మార్కోస్ కూడా ఆయన చేతిలోంచి జారిపోయింది. ఒకప్పుడు 18,000 ఎకరాలున్న మనిషి, తన హోటల్ ఆవరణలోనే ఒక చిన్న ఇంట్లో ఉంటూ 1950 మేలో, 90 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. భూమి ఉన్నవాడు కాబట్టి పడినా ఒక గూడు మిగిలింది. డేరాల్లో ఉన్నవాళ్ళకి అదీ మిగల్లేదు.

పత్తి పోయి చిప్ వచ్చింది

గుడ్‌ఇయర్ ఊరు కాలక్రమంలో కనుమరుగైంది. ఆ పేరు ఫీనిక్స్‌కి పడమర ఉన్న మరో ఊరికి దక్కింది. ఆ పత్తి పొలాల ప్రాంతంలోనే ఇప్పుడు ఇంటెల్ కంపెనీ ఓకోటీయో క్యాంపస్ ఉంది. 1980లో చాండ్లర్‌లో మొదటి ఫ్యాక్టరీ, 1996లో ఓకోటీయో. 2021లో ఇంకో రెండు ఫ్యాక్టరీలకి 20 బిలియన్ డాలర్లని ప్రకటించారు. మన కట్టడాల పనులు, మనవాళ్ళ ఇంజనీరు ఉద్యోగాలు, వాళ్ళని నమ్ముకుని నడిచే మన కిరాణాలు, టిఫిన్ సెంటర్లు, అన్నీ ఆ చుట్టూ అల్లుకున్నవే.

ఎందుకొచ్చాయి ఇవి? అప్పుడు టైరుకి ఈజిప్టు పత్తి మీద ఆధారపడకూడదనుకున్నారు. ఇప్పుడు చిప్పుకి ఆసియా మీద ఆధారపడకూడదనుకుంటున్నారు. 2022 ఆగస్టులో చిప్స్ చట్టం చేసి ప్రభుత్వమే డబ్బు పెట్టింది. అదే ఏడాది అక్టోబరులో చైనాకి మంచి చిప్పులు, వాటిని చేసే యంత్రాలు అమ్మకుండా ఆంక్షలు పెట్టింది. సరుకు మారింది, లెక్క మారలేదు. ఒక సంతకంతో వచ్చిన పని ఇంకో సంతకంతో ఆగగలదు. పైన నిర్ణయం మారితే సైట్‌లో మనుషుల జాబితా వారంలో మారిపోవడం మేము చూస్తూనే ఉన్నాం.

ఇంటి దగ్గరా ఇదే. 1861-65లో అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండ్ మిల్లులకి పత్తి అందకపోతే కాకినాడ రేవుకి గిరాకీ వచ్చింది, యుద్ధం ఆగగానే తగ్గింది. మొన్న 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతం చేసింది. అదే నెలలో మన ప్రభుత్వం బట్టల మిల్లుల కోసం పత్తి దిగుమతి మీదున్న 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది. ఆ ఏడాది చివరి దాకా ఆ సడలింపు నడిచింది. గుంటూరులో, వరంగల్‌లో మన అన్నదమ్ముల పత్తి మార్కెట్‌కి వచ్చే వేళకి బయటి పత్తి సుంకం లేకుండా దిగింది. రెండు పెద్ద దేశాల మాటల మధ్య ఇక్కడ మన ఉద్యోగం, అక్కడ మనింటి పంట, రెండూ ఊగాయి.

కూలిలో పట్టి ఉంచిన సొమ్ము సంగతి చెప్పుకున్నాం కదా. మన జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం పోతుంది. ఇండియాకి, అమెరికాకి ఈ విషయంలో ఒప్పందం లేదు. పదేళ్ళ పని లెక్క నిండకముందే వెళ్ళిపోయినవాళ్ళకి అది పెన్షన్‌గా రాదు. ఏళ్ళ తరబడి రెండు ప్రభుత్వాలూ దీని మీద మాట్లాడుకుంటూనే ఉన్నాయి. ఇది కూడా వ్యాపార రాజకీయంలో ఒక ముక్కే.

డాక్టర్ చాండ్లర్ జీవితం నుంచి మేము తీసుకున్నది ఇది. తలుపు తెరిచింది మన మీద ప్రేమతో కాదు, మూస్తే అది మన తప్పూ కాదు. కానీ మూసినరోజు డేరాలో ఇరుక్కుపోకుండా ఉండటం కొంతవరకు మన చేతిలో ఉంది. ప్రతి పే స్లిప్ దాచుకోండి. వీసా, పాస్‌పోర్టు, పని కాగితాల నకళ్ళు ఇంటి దగ్గర ఒకరి దగ్గర ఉంచండి. తిరుగు టికెట్ డబ్బు, మూడు నాలుగు నెలల ఖర్చు విడిగా పెట్టుకోండి. పని బాగుంది కదా అని ఆ ధైర్యంతో పెద్ద అప్పులకి పోకండి, 1920లో పత్తి రైతు చేసింది అదే. సోషల్ సెక్యూరిటీలో మీ పని లెక్క ఎంతయిందో ఏడాదికోసారి చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, పక్కవాడి పని పోతే ఆ రాత్రే మన వేదికకి చెప్పండి. ఆ కూలీలకి రాష్ట్రం కాని రాష్ట్రంలో అడిగే దిక్కు లేకపోయింది. మనకి మనం ఉన్నాం.